స్కోపు ముందు క్లిప్-ఆన్ నైట్ విజన్: పగటి జీరో చెదరకుండా వాడుకోవడం ఎలా

పగలు జీరో చేసుకున్న (గురిపెట్టిన చోటే తూటా పడేలా సర్దుకున్న) స్కోపును కదపకుండా, దాని ముందు ఇంకో పరికరం తగిలించి చీకట్లో కూడా అదే రెటికిల్‌తో (స్కోపులో కనిపించే గురి గీతలతో) గురిపెట్టడం. క్లిప్-ఆన్ చేసే పని ఇంతే. స్కోపు విప్పనక్కర్లేదు, కొత్త రెటికిల్‌కి కన్ను అలవాటు చేసుకోనక్కర్లేదు, తెల్లారాక తీసి పెట్టెలో పెట్టేస్తే రైఫిల్ మళ్లీ పగటి రైఫిలే. "జీరో అసలు మారదు" అని అమ్మేవాళ్లు చెప్పేది అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ మాట నిలబడాలంటే రైలు (రైఫిల్ మీద పరికరాలు బిగించే గాళ్ల పట్టా) వంగకూడదు, బిగింపు ప్రతిసారీ ఒకేలా ఉండాలి, స్కోపు ఫోకస్ దాని చోట అది ఉండాలి. వీటిలో ఏది తప్పినా నింద క్లిప్-ఆన్ మీదికే పోతుంది.

కొనేముందు చట్టం సంగతి తేల్చుకోండి. చేత్తో పట్టుకుని చూసే నైట్ విజన్‌కి అడ్డు లేని చోట కూడా దాన్ని తుపాకీకి బిగిస్తే నేరం కావచ్చు. కొన్నిచోట్ల పరికరం ఫరవాలేదు గానీ ఇన్‌ఫ్రారెడ్ లైటు కూడదు. కొన్నిచోట్ల రాత్రి వేటే కూడదు. పైగా దేశం దాటించాలంటే ఎగుమతి అనుమతి అడిగే సరుకు ఇది. దుకాణదారు నోటిమాట చాలదు, లైసెన్సు ఇచ్చే కార్యాలయం నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

కిటికీ అద్దం లెక్క

స్కోపు ముందు ఒక కిటికీ అద్దం నిలబెట్టారనుకోండి. దాన్ని కాస్త పక్కకి జరిపినా, కాస్త వంచినా దూరంగా ఉన్న చెట్టు మాత్రం ఉన్న దిక్కులోనే కనిపిస్తుంది. మంచి క్లిప్-ఆన్ కూడా అంతే. కిరణం ఏ కోణంలో లోపలికి వచ్చిందో అదే కోణంలో వెనక నుంచి బయటికి పోతుంది. బొమ్మ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, తలకిందులూ కాదు. పెద్దది చేసే పని స్కోపుదే, గురి చూపించే పనీ స్కోపుదే. రెటికిల్ ఉందన్న సంగతి కూడా క్లిప్-ఆన్‌కి తెలియదు.

దీనికి రెండు షరతులు. ఒకటి, వృద్ధి సరిగ్గా 1 రెట్టు ఉండాలి. రెండు, లోపలికి వచ్చే అక్షం, బయటికి పోయే అక్షం ఒకే దిక్కుని చూడాలి. దీన్నే కొలిమేషన్ అంటారు, ఫ్యాక్టరీలో సరిచేసి పంపుతారు. వృద్ధి 1 కాకుండా 0.98 ఉందనుకుందాం. పరికరం అర డిగ్రీ వంకరగా కూర్చుంటే గురి 0.17 మిల్ జరుగుతుంది, అంటే 100 మీటర్ల దగ్గర 1.7 సెంటీమీటర్లు. అదే వృద్ధి సరిగ్గా 1 ఉంటే అర డిగ్రీ వంకర వల్ల తేడా ఏమీ రాదు. చవక రకాల్లో "ఒక్కోసారి బిగిస్తే ఒక్కో చోట పడుతోంది" అనే గొడవకి చాలాసార్లు మూలం ఇదే. కొలిమేషన్ లోపం అలా కాదు. పరికరాన్ని ఒకేలా బిగించినంత కాలం తూటా ప్రతిసారీ అదే వైపు, అంతే దూరం తప్పుతుంది. ఆ తేడాని లెక్కగట్టి దిద్దుకోవచ్చు. రోజుకో రకంగా మారే తేడాతోనే వేగలేం.

ట్యూబు, థర్మల్, డిజిటల్

ఇమేజ్ ఇంటెన్సిఫయర్ ట్యూబు ఉన్న రకం నక్షత్రాల వెలుతురుని, చంద్రుడి వెలుతురుని పెంచి ఆకుపచ్చగానో తెల్లగానో చూపిస్తుంది. గడ్డి, కంచె తీగ, చెట్టు కొమ్మ అన్నీ కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది ఏమిటో గుర్తుపట్టడానికి ఇదే మేలు. థర్మల్ వెలుతురుతో పని లేకుండా వేడిని చూపిస్తుంది, కాబట్టి పొదలో ఉన్న జంతువుని ఇట్టే పట్టిస్తుంది. కానీ మీకూ జంతువుకీ మధ్య ఉన్న సన్న కొమ్మ, తీగ గాలితో సమానంగా చల్లబడి ఉంటే కనపడవు. డిజిటల్ అంటే మామూలు కెమెరా సెన్సరూ చిన్న తెరా. దాదాపు ఎప్పుడూ ఇన్‌ఫ్రారెడ్ లైటు కావాలి, పగలు వెలిగించినా చెడిపోదు.

ఐపీస్ (స్కోపులో కన్ను పెట్టి చూసే కొస) వెనక తగిలించే డిజిటల్ కెమెరాలనీ క్లిప్-ఆన్ పేరుతోనే అమ్ముతారు. అవి స్కోపులోంచి రెటికిల్‌తో సహా ఫొటో తీసి చూపిస్తాయి కాబట్టి జీరో గొడవ ఉండదు, చవక కూడా. కన్ను మాత్రం పది సెంటీమీటర్లకి పైగా వెనక్కి పోతుంది, చెంప ఆనించే చోటు మారుతుంది, రీకాయిల్‌కి (కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బకి) పరికరం కనుబొమ్మకి తగిలే ప్రమాదం ఉంది. ఇక్కడి నుంచి చెప్పేదంతా ముందు తగిలించే రకం గురించే.

ఏ స్కోపుకి సరిపోతుంది

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. చేతిలో 5-25 స్కోపు (5 నుంచి 25 రెట్లు పెంచేది) ఉంటుంది, రాత్రి కూడా 20 రెట్లు వాడదామనుకుంటారు. కుదరదు. 12 మైక్రాన్ల పిక్సెల్, 50 మి.మీ. లెన్సు ఉన్న థర్మల్‌ని తీసుకోండి. ఒక్కో పిక్సెల్ 0.24 మిల్ చూపిస్తుంది, అంటే 100 మీటర్ల దగ్గర 2.4 సెం.మీ., 200 దగ్గర 4.8 సెం.మీ. స్కోపు ఎన్ని రెట్లు పెంచినా కొత్త వివరం పుట్టదు, పిక్సెలే లావవుతుంది. కంటికి ఒక ఆర్క్ మినిట్ (డిగ్రీలో అరవయ్యో వంతు) దాకా విడిగా తెలుస్తుంది. 4 రెట్ల దగ్గర పై పిక్సెల్ 3.3 ఆర్క్ మినిట్లు అవుతుంది, గళ్లు అప్పుడే తెలుస్తుంటాయి. 8 రెట్ల దగ్గర 6.6. అప్పుడు కనపడేది జంతువు కాదు, గళ్ల లుంగీ.

ట్యూబు కాస్త నయం. మిల్లీమీటరుకి 64 గీతల జతలు చూపించే జెన్ 3 (మూడో తరం) ట్యూబు, 100 మి.మీ. లెన్సు ఉంటే ఒక్కో జత 0.16 మిల్ దగ్గరికి వస్తుంది, అందులో సగాన్ని పిక్సెల్‌తో పోల్చుకోవచ్చు. అయినా చీకటి పెరిగేకొద్దీ తెర మీద ఇసుక చల్లినట్టు మినుకులు లేస్తాయి, స్కోపు వాటిని కూడా పెంచుతుంది.

పనికొచ్చే కొలతలు ఇవి. అడ్డంగా 640 పిక్సెళ్ల సెన్సరు ఉన్న థర్మల్‌కి 3 నుంచి 6 రెట్లు, 384 సెన్సరుకి 2 నుంచి 4, మంచి ట్యూబుకి 4 నుంచి 8, వెన్నెల ఉంటే 10. కాబట్టి కింది అంకె 2 లేదా 3 ఉన్న స్కోపు వెతకండి. పై అంకె ఎంతైనా అది పగటికే.

కింది వైపు కూడా హద్దు ఉంది. 640 పిక్సెళ్లు, 12 మైక్రాన్లు, 50 మి.మీ. అంటే 100 మీటర్ల దగ్గర సుమారు 15 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. మామూలు స్కోపు 3 రెట్ల దగ్గర 12 మీటర్ల దాకా చూపిస్తుంది కాబట్టి నిండుగా సరిపోతుంది. 2 రెట్లకి దింపితే చుట్టూ నల్లటి వలయం వస్తుంది, అది పరికరం చెడిపోయిందని కాదు. ఇంకో విషయం: వృద్ధి పెంచేకొద్దీ తెరలో మధ్య భాగమే కనిపిస్తుంది, అంచున ఉండే బ్యాటరీ గుర్తు, మెనూ మాయమవుతాయి. మెనూతో పనుంటే స్కోపుని కింది అంకెకి దించి చూడండి.

రెటికిల్ గురించి ఒక మాట. మొదటి ఫోకల్ ప్లేన్ స్కోపుల్లో (వృద్ధితో పాటు రెటికిల్ కూడా పెరిగి తగ్గే రకం) 3, 4 రెట్ల దగ్గర గీతలు వెంట్రుకలా సన్నబడతాయి, మినుకుల మధ్య వెతుక్కోవాలి. మధ్యలో చుక్క వెలిగే రకమైతే అన్నిటికన్నా తక్కువ వెలుతురులో పెట్టుకుంటే సరి. రెండో ఫోకల్ ప్లేన్ స్కోపులో గీతలు ఎప్పుడూ లావుగానే ఉంటాయి గానీ, వాటి మధ్య దూరం స్కోపు మీద రాసిన ఒక్క వృద్ధి దగ్గరే నిజం. పగలు 12 రెట్ల దగ్గర నేర్చుకున్న హోల్డ్‌ఓవర్ (దూరానికి తగ్గట్టు కింది గీతతో పట్టే గురి) రాత్రి 6 రెట్ల దగ్గర వాడితే గీత రెట్టింపు దూరం చూపిస్తుంది.

బిగింపు

ముందు రైఫిల్ ఖాళీ చెయ్యండి. మ్యాగజైన్ తీసి, బోల్టు తెరిచి, ఛాంబర్‌లో వేలు పెట్టి చూడండి. చీకట్లో అయితే కంటిచూపుని నమ్మకండి, వేలే నమ్మకం.

బిగించే దారులు రెండు: స్కోపు ముందున్న రైలు మీద, లేదా స్కోపు ఆబ్జెక్టివ్ (ముందు లెన్సు) గొట్టానికే అడాప్టర్‌తో.

రైలు అంటే పికాటిన్నీ. 1995లో అమెరికా సైన్యం ఎంఐఎల్-ఎస్‌టీడీ-1913 పేరుతో ప్రమాణం చేసింది, గాడి వెడల్పు 5.23 మి.మీ., ఒక గాడి మధ్య నుంచి పక్క గాడి మధ్యకి 10.01 మి.మీ. చూడాల్సింది గాళ్లని కాదు, రైలు దేనికి అతుక్కుని ఉందో దాన్ని. రిసీవర్ (బోల్టు ఉండే రైఫిల్ ఒళ్లు) నుంచి ఒకే ముక్కగా ముందుకి సాగిన రైలైతే నిశ్చింత. హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్ చుట్టూ చేత్తో పట్టుకునే తొడుగు) మీద ఉన్నదైతే ఒక పరీక్ష పెట్టండి. రైఫిల్‌ని వైజ్‌లో పట్టించి, పగలు స్కోపులోంచి దూరపు గుర్తుని చూస్తూ, ఒక మనిషి చేత హ్యాండ్‌గార్డ్ కొసని గట్టిగా పక్కకి, కిందికి నొక్కించండి. గుర్తు మీద రెటికిల్ కదిలితే వైజ్ పట్టు లేదా స్కోపు మౌంట్ వదులు. అది కదలకుండా హ్యాండ్‌గార్డ్, రిసీవర్ కలిసే చోట సందు మాత్రం తెరుచుకుంటుంటే హ్యాండ్‌గార్డ్ వదులు. సన్నటి కాగితం ముక్క ఆ సందులో దూరుతోందేమో చూస్తే తెలిసిపోతుంది. బైపాడ్ మీద బరువు వేసినప్పుడల్లా ఆ సందు తెరుచుకుంటుంది, దానితో పాటు క్లిప్-ఆన్ తలా వంగుతుంది.

ఎత్తు కూడా కలవాలి. క్లిప్-ఆన్ మధ్యగీత స్కోపు మధ్యగీతకి రెండు మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే చాలు. చాలా సైనిక రకం క్లిప్-ఆన్‌లు రైలు పైనుంచి 38 మి.మీ., అంటే ఒకటిన్నర అంగుళం ఎత్తుకి తయారవుతాయి. స్కోపు దానికన్నా పదేసి మిల్లీమీటర్లు పైన గానీ కింద గానీ ఉంటే తూటా పడే చోటు పెద్దగా మారదు, బొమ్మ ఒక పక్క నల్లగా కోసినట్టు అవుతుంది, వెలుతురు తగ్గుతుంది. మౌంట్ కింద వేసే దిమ్మెలు దొరుకుతాయి, స్కోపు రింగులు మార్చడం కన్నా అవి నయం.

రైలు మీద బిగించేటప్పుడు వరస ఇదీ:

1. రైలు గాడిలో దుమ్ము, నూనె గుడ్డతో తుడవండి. ఒక్క ఇసుక రేణువు చాలు క్లాంపుని వంకరగా కూర్చోబెట్టడానికి.
2. స్కోపు మూత, సన్‌షేడ్, హనీకోంబ్ ఫిల్టరు ఉంటే తీసెయ్యండి.
3. క్లిప్-ఆన్‌ని గాడిలో పెట్టి, బిగించేముందు బ్యారెల్ మూతి వైపుకి తోసి పట్టుకోండి. రీకాయిల్‌కి రైఫిల్ వెనక్కి పోతుంది, క్లిప్-ఆన్ ఉన్నచోటే ఉండిపోదామని చూస్తుంది. మౌంట్ అడుగున ఉన్న లగ్గు (గాడిలో కూర్చునే దిమ్మె) గాడి ముందు గోడకి ముందే ఆని ఉంటే ఇక జరగడానికి చోటుండదు.
4. లీవరు అయితే ఒకే ఊపులో మూసెయ్యండి. స్క్రూ అయితే టార్క్ రెంచితో, మాన్యువల్‌లో రాసినంతే.
5. ఏ గాడిలో పెట్టారో పెయింట్ పెన్నుతో గుర్తు పెట్టండి. రేపు కూడా అదే గాడి.

స్కోపుకీ క్లిప్-ఆన్‌కీ మధ్య ఖాళీ ఒకటి రెండు సెంటీమీటర్లు ఉంటే మంచిది. దూరం పెరిగితే జీరో మారదు గానీ అంచులు నల్లబడతాయి, ఆ సందులోంచి ఆకుపచ్చ వెలుతురు బయటికి చిమ్ముతుంది. రబ్బరు తొడుగు వేస్తే పోతుంది. తొడుగు స్కోపుని నెట్టేంత బిగుతుగా ఉండకూడదు.

ఆబ్జెక్టివ్ అడాప్టర్ దారికి వస్తే, లెన్సు కొలత కాదు, గొట్టం బయటి కొలత కావాలి. 50 మి.మీ. లెన్సు ఉన్న స్కోపు గొట్టం బయట 56, 57, 58 ఏదైనా ఉండొచ్చు. వెర్నియర్‌తో రెండు దిక్కుల్లో కొలిచి, దానికి తగ్గ లోపలి రింగు తెచ్చుకోండి. టేపు చుట్టి సరిపెట్టకండి, వేడికి మెత్తబడి జారుతుంది. బరువంతా స్కోపు కొస మీద వేలాడుతుంది కాబట్టి అరకిలో దాటిన పరికరానికి ఈ దారి వద్దు. క్లాంపు మరీ బిగిస్తే సన్నటి గొట్టం నొక్కుకుపోయి లెన్సు మీద ఒత్తిడి పడుతుంది. పగలు అడాప్టర్ ఒక్కటే ఉంచి కాలిస్తే, తీసేసి కాల్చిన గ్రూపుతో (ఒకే గురికి కాల్చిన రంధ్రాల గుంపుతో) తేడా వస్తోందేమో చూడండి. వస్తే బిగింపు ఎక్కువైందన్నమాట.

ఫోకస్ మూడు చోట్ల, వరస తప్పకూడదు

పగలు స్కోపులో ఒక ఫోకస్, పక్క మర ఒకటి ఉంటాయి. రాత్రి మూడోది వచ్చి చేరుతుంది.

మొదటిది డయాప్టర్. పగలే, ఆకాశం వైపో తెల్ల గోడ వైపో చూస్తూ రెటికిల్ గీతలు పదునుగా కనపడేదాకా ఐపీస్ తిప్పి గుర్తు పెట్టేసుకోండి. రాత్రి దాని జోలికి వెళ్లొద్దు.

రెండోది స్కోపు ప్యారలాక్స్ మర, అంటే పైన చెప్పిన పక్క మర, స్కోపు ఏ దూరానికి ఫోకస్ అవ్వాలో సర్దేది. క్లిప్-ఆన్ తన బొమ్మని అనంత దూరంలో ఉన్నట్టు పంపుతుంది, జంతువు 60 మీటర్లలో ఉన్నా 300లో ఉన్నా. కాబట్టి స్కోపు ఆ తెరని చూడాలి తప్ప జంతువుని కాదు. క్లిప్-ఆన్ ముందు మూత వేసే వెలిగించండి. ట్యూబుదైతే మినుకులు, థర్మల్‌దైతే గళ్లు కనిపిస్తాయి. ఆ మినుకులు, గళ్ల అంచులు పదునుగా తేలేదాకా ప్యారలాక్స్ తిప్పండి. దాదాపు అనంతం గుర్తు దగ్గర ఆగుతుంది. తల కాస్త అటూ ఇటూ కదిపితే మినుకుల మీద రెటికిల్ జారకూడదు. ఆ చోట సన్నగా గీత పెట్టుకోండి.

మూడోది క్లిప్-ఆన్ ముందున్న ఫోకస్ రింగు. దూరాన్ని బట్టి తిప్పాల్సింది ఇదొక్కటే. పగటి అలవాటు కొద్దీ చెయ్యి స్కోపు పక్క మర మీదికే పోతుంది. దాన్ని తిప్పితే బొమ్మ మసకవుతుంది, దానికి విరుగుడుగా ముందు రింగు తిప్పుతారు, ఇంకా మసకవుతుంది. "లెన్సు బాగాలేదు" అని వెనక్కి పంపే పరికరాల్లో కొన్నింటి జబ్బు ఇదే. 100 మీటర్లకి ప్యారలాక్స్ బిగించి వచ్చే స్కోపులు 3 నుంచి 6 రెట్ల దగ్గర ఏ ఇబ్బందీ పెట్టవు.

జీరో సరిచూడటం

ముందు క్లిప్-ఆన్ లేకుండా స్కోపుని మామూలుగా జీరో చెయ్యండి. క్లిప్-ఆన్ తగిలించుకుని మొదటి జీరో చెయ్యకండి. తర్వాత తేడా ఏది ఎవరిదో తెలియదు.

తర్వాత ఒకే పూట, ఒకే లాట్ తూటాలతో, 100 మీటర్ల దగ్గర మూడు గ్రూపులు, ఒక్కోటి ఐదు తూటాలు. మొదటిది స్కోపు ఒక్కటే. రెండోది క్లిప్-ఆన్ తగిలించి. ఇప్పుడు క్లిప్-ఆన్ తీసి, మళ్లీ బిగించి మూడోది. సాయంత్రం వెలుతురు ఉండగా మొదటిది కాల్చి, చీకటి పడ్డాక మిగతావి కాలిస్తే సరిపోతుంది. తూటా తూటాకీ మధ్య బ్యారెల్ చల్లారనివ్వండి.

గురి పలక కూడా పరికరాన్ని బట్టి మారుతుంది. ట్యూబుకి, డిజిటల్‌కి తెల్ల కాగితం మీద నల్ల చతురస్రం, పక్కన మసక దీపం చాలు. దీపం నేరుగా లెన్సులోకి కొట్టకూడదు. థర్మల్‌కి కాగితం మీద గుర్తు కనపడదు. అట్టపెట్టె ముక్క మీద 5 సెం.మీ. చదరం అల్యూమినియం టేపు అంటించి, అట్టని పై అంచు వెనక్కి వాలేలా కాస్త వంచి నిలబెట్టండి. మెరిసే రేకు పైనున్న చల్లటి ఆకాశాన్ని అద్దంలా చూపిస్తుంది కాబట్టి వైట్-హాట్‌లో (వేడిని తెల్లగా చూపే అమరికలో) కారునలుపు చదరంగా తేలుతుంది. మబ్బు కమ్మితే తేడా తగ్గిపోతుంది. అప్పుడు అట్టకి చిన్న రంధ్రం పెట్టి వెనక చేతులు కాచుకునే వేడి ప్యాకెట్ అంటించండి. కాసేపటికి వేడి చుట్టూ పాకి చుక్క ఉబ్బుతుంది, గబగబా కాల్చెయ్యాలి.

ఇక లెక్క. గ్రూపు మధ్య బిందువుల మధ్య తేడానే చూడాలి, ఏ ఒక్క రంధ్రాన్నో కాదు. గ్రూపు 3 సెం.మీ. వెడల్పు ఉంటే, మధ్య బిందువు 1 సెం.మీ. జరిగినంత మాత్రాన అది క్లిప్-ఆన్ తప్పని చెప్పలేం, వదిలెయ్యండి. రెండో గ్రూపు 4 సెం.మీ. ఎడమకి, 2 సెం.మీ. కిందికి పడి, మూడోది కూడా అక్కడే పడిందనుకోండి. అది కొలిమేషన్ తేడా. 100 మీటర్ల దగ్గర 0.1 మిల్ క్లిక్కు 1 సెం.మీ. కాబట్టి 4 క్లిక్కులు కుడికి, 2 పైకి. కార్డు మీద "క్లిప్-ఆన్‌తో: కు 4, పై 2" అని రాసి బట్ మీద అంటించండి. పావు ఎంఓఏ (ఆర్క్ మినిట్) క్లిక్కు అయితే ఒక్కోటి 7.3 మి.మీ., లెక్క 5.5, 2.7 వస్తుంది, దగ్గరి అంకె తీసుకోండి. తీసేశాక వెనక్కి తిప్పడం మర్చిపోయేది కూడా ఈ క్లిక్కులే.

థర్మల్, డిజిటల్ రకాల్లో మెనూలోనే బొమ్మని జరిపే ఎక్స్, వై సర్దుబాటు ఉంటుంది, స్కోపు టారెట్ (క్లిక్కులు తిప్పే మర) ముట్టుకోనక్కర్లేదు. దిక్కు దగ్గర తడబడతారు. రైఫిల్‌ని కదలకుండా పట్టి ఉంచి రెటికిల్‌ని గురి మీద పెట్టండి. తూటా రంధ్రం ఉన్న చోటు రెటికిల్ కిందికి వచ్చేలా బొమ్మని జరపాలి. అంటే తూటా ఎడమకి పడితే బొమ్మని కుడికి, తూటా కిందికి పడితే బొమ్మని పైకి. ఒక్కో అడుగు 100 మీటర్లకి ఎన్ని మిల్లీమీటర్లో మాన్యువల్‌లో ఉంటుంది.

మూడో గ్రూపు రెండోదానికి దూరంగా ఎక్కడో పడితే సర్దుబాటు జోలికి పోవద్దు. ముందు రైలు, లగ్గు, లీవరు బిగువు చూడండి. చలించేదాన్ని మెనూతో సరిచెయ్యలేం.

బయటికి వెళ్లాక

వెతకడానికి రైఫిల్ వాడొద్దు. చేతి థర్మల్ ఒకటి వేరుగా ఉండాలి, రైఫిల్ నిర్ణయం అయ్యాకే భుజానికి వెళ్లాలి. థర్మల్‌లో రెండు వేడి మచ్చలు ఒకదానిమీద ఒకటి కలిసి ఒకే మచ్చలా కనిపిస్తాయి. వెనక ఉన్నది పశువో మనిషో తెలియదు. ఆకారం, నడక, తల తిప్పే తీరు చూసి ఇదేనని ఖాయం అయ్యి, దాని వెనక తూటాని ఆపే మట్టి గట్టు ఉందని పగలే చూసి కూడా ఉంటే తప్ప సేఫ్టీ తియ్యకండి.

దీనితో సమానంగా ప్రమాదమైనది ఇంకోటి ఉంది. స్కోపు మధ్యగీత బ్యారెల్ కన్నా నాలుగైదు సెంటీమీటర్లు పైన ఉంటుంది. గట్టు మీదో, వాహనం బానెట్ మీదో ఆనించి చూస్తే లెన్సుకి దారి తెరిచే ఉంటుంది, బ్యారెల్ మూతి మాత్రం అంచు కన్నా కిందే ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్ లైటు వాడుతుంటే దగ్గర అడ్డం భగ్గున తెల్లగా మెరిసి హెచ్చరిస్తుంది. థర్మల్ హెచ్చరించదు. మూతి ముందు చేత్తో తడిమి చూడాలంటే ముందు బోల్టు తెరవండి.

ఇన్‌ఫ్రారెడ్ లైటు 850 నానోమీటర్లదైతే దూరం బాగా పోతుంది, దీపం ముఖాన సన్నగా ఎర్రదనం కనిపిస్తుంది, జాగ్రత్త జంతువులు పసిగడతాయి. 940ది కంటికి దాదాపు కనపడదు. కానీ జెన్ 3 ట్యూబు స్పందన 900 దగ్గరే పడిపోతుంది, దానికి 940 లైటు పెట్టడం దండగ. డిజిటల్‌కి పనికొస్తుంది, దూరం మాత్రం తగ్గుతుంది. లైటుని క్లిప్-ఆన్ లెన్సు కన్నా ముందుకి, పక్కకి బిగించండి. వెనక ఉంటే వెలుతురు హ్యాండ్‌గార్డ్ మీద, సప్రెసర్ (చప్పుడు తగ్గించే మూతి గొట్టం) మీద పడి వెనక్కి కొట్టి బొమ్మంతా పాలు పోసినట్టు అవుతుంది. మంచులోనూ ముందున్న ఎత్తు గడ్డిలోనూ అదే జరుగుతుంది, అప్పుడు లైటు తగ్గించి కిరణాన్ని సన్నం చెయ్యాలి, పెంచకూడదు. లేజర్ రకం లైటుని ఎవరి కళ్లలోకీ వెయ్యకండి. కనపడని వెలుతురుకి రెప్ప మూసుకోదు.

థర్మల్‌లో అప్పుడప్పుడు టక్‌మని చప్పుడై బొమ్మ క్షణం పాటు ఆగిపోతుంది. షట్టరు మూసి సెన్సరు తనని తాను సరిచేసుకుంటోంది. మీట నొక్కితేనే సరిచేసుకునే పద్ధతికి మార్చుకుని, గురి పెట్టేముందే ఒకసారి నొక్కండి. లేకపోతే ట్రిగ్గరు నొక్కే క్షణంలోనే ఆగుతుంది. సూర్యుడు అస్తమించిన కాసేపటికి, ఉదయించిన కాసేపటికి నేల, రాళ్లు, జంతువు ఒకే వేడికి వచ్చే సమయం ఒకటి ఉంటుంది, బొమ్మ చప్పగా ఉంటుంది. పరికరం తప్పు కాదు. రెండు మూడు తూటాల తర్వాత సప్రెసర్ వేడి బొమ్మ కింది అంచున పొగలా ఆడుతుంటే గుడ్డ తొడుగు వెయ్యండి.

చలి రాత్రి వెచ్చని వాహనంలోనే బిగించి బయటికి తీస్తే క్లిప్-ఆన్ వెనక లెన్సు, స్కోపు ముందు లెన్సు మధ్య చిక్కిన తేమకి మసక కమ్ముతుంది. అక్కడ గుడ్డ దూరదు. బయల్దేరేముందు పెట్టె మూత తీసి పావుగంట బయటి గాలికి ఉంచండి, ఆ తర్వాత బిగించండి.

బ్యాటరీలు: సీఆర్123ఏ అంటే 3 వోల్టులు. అదే సైజులో దొరికే రీఛార్జ్ 16340 నిండా ఛార్జ్ అయితే 4.2. మాన్యువల్ ఒప్పుకుంటేనే వెయ్యండి, లేకపోతే ఒక్క నొక్కుతో సర్క్యూట్ పోతుంది. చలిలో ఏ బ్యాటరీ అయినా ముందే నీరసపడుతుంది, అదనపువి లోపలి జేబులో పెట్టుకోండి.

పాడయ్యే దారులు

ట్యూబుకి శత్రువు పగలు. ముందు మూత లేకుండా ఎండలో వెలిగిస్తే ట్యూబు కాలి నల్లమచ్చ శాశ్వతంగా ఉండిపోవచ్చు. మూతలో సూదిరంధ్రం ఉన్నది కొంచెం సరిచూసుకోవడానికే, ఎండలో వేట కోసం కాదు. ఆటోగేటింగ్ (వెలుతురు ఎక్కువైతే తనంతట తానే తగ్గించుకునే ఏర్పాటు) ఉన్న ట్యూబు మెరుపుల్ని, దీపాల్ని తట్టుకుంటుంది గానీ ఎండకి లైసెన్సు కాదు. థర్మల్‌ని సూర్యుడి వైపు తిప్పి ఉంచొద్దు, ఆఫ్‌లో ఉన్నా లెన్సు వేడిని సెన్సరు మీద గుచ్చుతుంది.

మజిల్ బ్రేక్ (రీకాయిల్ తగ్గించే మూతి ముక్క) ఉన్న పొట్టి బ్యారెల్ మీద క్లిప్-ఆన్ ముందు లెన్సు మూతికి దగ్గరవుతుంది. ప్రతి కాల్పుకీ మసి, కాలని పొడి దాని మీద పడుతుంది. ముందు ఊదుడు బల్బుతో రేణువులు ఎగరగొట్టి, తర్వాత లెన్సు గుడ్డ. చొక్కా కొసతో జర్మేనియం లెన్సు తుడిస్తే పై పూత గీరుకుపోతుంది. స్ప్రింగు పిస్టన్ ఎయిర్ రైఫిల్‌కి తగిలించాలనుకునేవాళ్లు ఒక్క మాట గుర్తుంచుకోండి: దాని దెబ్బ ముందు వెనక్కి, వెంటనే ముందుకి, రెండు వైపులా పడుతుంది. పెద్ద క్యాలిబర్‌ని తట్టుకునేలా చేసిన పరికరాలు కూడా ఆ ముందుకి వచ్చే కుదుపుకి విప్పుకుపోతాయి. మాన్యువల్‌లో ఎయిర్ రైఫిల్ అని ప్రత్యేకంగా రాసి ఉంటేనే బిగించండి.

పెట్టెలో పెట్టేముందు బ్యాటరీ తీసి, తడి ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లం ఒకటి వెయ్యండి. బట్ మీద అంటించిన కార్డు చూసి, టారెట్‌ని పగటి జీరోకి తిప్పండి.